తలుపులు వేసే చెయ్యి

తలుపు కనిపెట్టిన మహానుభావుడెవరో చరిత్ర రాసుకోలేదు. గుహల్లో కాపురాలుండే రోజుల్లో ఎవరో గృహస్థు చలికి తాళలేక ఓ రాతిపలకను అడ్డంగా దొర్లించి ఉంటాడు. నాగరికత ఆ పూటే మొదలైంది. తరవాత తలుపులకు గడియలొచ్చాయి, గడియలకు తాళాలొచ్చాయి, తాళాలను బద్దలుకొట్టే సైన్యాలొచ్చాయి. ఇంత పెద్ద కథలోనూ తలుపులు తీసినవాళ్ళకే పేరొచ్చింది గాని, వేసినవాళ్ళను పట్టించుకున్న నాథుడు లేడు. ఆ లోటు తీర్చడానికే కాబోలు, లిఫ్టు బాబాయ్ పుట్టాడు.

ఆయన తలుపు వేసే పద్ధతి చూసి తీరవలసిందే. గదిలోకి వస్తాడు, వెనక్కి తిరగడు. ఎడమచెయ్యి తనంతట తనే వెనక్కి వెళ్ళి రెక్క పట్టుకుంటుంది, నెడుతుంది. గడియ పడ్డ చప్పుడు చెవిన పడ్డాకే రెండో అడుగు పడుతుంది. మాటల్లో ఉన్నా, నవ్వుతున్నా, నిద్రమత్తులో ఉన్నా ఈ కార్యక్రమంలో తేడా రాదు. చెయ్యి ఏం చేస్తోందో ఆయనకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ ఎన్నడూ కలగలేదు.

ఇది ఉద్యోగం పెట్టిన బుద్ధి. ఓ పాత ఆఫీసు భవనంలో ఆయన లిఫ్టు నడిపాడు. లోపల మడతలుపడే ఇనుపగేటు ఉండేది. అది చివరిదాకా మూసుకుంటే తప్ప లిఫ్టు కదలదు. లోపలున్నది పెద్ద మేనేజరైనా సరే, ఫైళ్ళు మోసే బంట్రోతైనా సరే, బాబాయ్ చెయ్యి గేటు లాగేదాకా కళ్ళప్పగించి నిలబడాల్సిందే. తలుపు పడనిదే లోకం కదలదన్న వేదాంతం ఆయనకు అక్కడే ఒంటపట్టింది. ఆ లిఫ్టు తీసేసి మీట నొక్కే లిఫ్టు పెట్టారు, బాబాయ్‌ని ఇంటికి పంపారు. చెయ్యి మాత్రం రిటైరు కాలేదు.

ఇంట్లో అక్కయ్య ఉంది. బావ పోయాక ఆవిడ తమ్ముడి పంచన చేరిందని లోకం అంటుంది. వేళకింత తిండి పెట్టే దిక్కులేక తమ్ముడు చిక్కిపోతుంటే చూడలేక వచ్చానని ఆవిడ అంటుంది. ఇద్దరికీ రోజూ పేచీ ఒక్కటే.

"ఒరేయ్, ఉడికిపోతున్నాను. ఆ తలుపు తియ్యి."

"తీసే ఉందిగా."

"నువ్వు ఇప్పుడే వేసి వచ్చావురా నాయనా."

చూస్తే వేసే ఉండేది.

వీధి చివర సంఘం హాలు ఉంది. అక్కడ ఓ పాటల బృందం. అక్కయ్య ఆ బృందానికి గొంతు. మిగతావాళ్ళు పాడేవాళ్ళు, ఆవిడ పాట. ఊపిరితిత్తులు మాత్రం పాతికేళ్ళ కిందటి జబ్బులోనే సగం పాడయ్యాయి. రెండు మెట్లెక్కితే ఆయాసం. పాడితే మాత్రం ఆయాసం ఎక్కడికి పోయేదో ఎవరికీ అంతుపట్టేది కాదు.

మహమ్మారి వచ్చినప్పుడు హాలుకు తాళం పడింది. వీధులన్నీ నోరు మూసుకున్నాయి. అంబులెన్సు కూత వినిపిస్తే జనం కిటికీల దగ్గరికొచ్చి, అది ఎక్కడ ఆగుతుందో చెవులతో వెతికేవారు. అక్కయ్యను చూసిన డాక్టరు, "ఈ రోగం మీకు రాకూడదమ్మా" అన్నాడు. వస్తే ఏమవుతుందో చెప్పలేదు. ఆవిడ అడగలేదు. బాబాయ్ అడగబోయి, మానేసి లేచాడు. బయటికొస్తూ డాక్టరుగారి గది తలుపు వేసి వచ్చాడు.

నెలలు గడిచాయి. హాళ్ళు తెరుచుకోవచ్చన్నారు, జాగ్రత్తలతో. మూతపడ్డ సంఘాలను మళ్ళీ నిలబెట్టే పని ఆరోగ్యకేంద్రంలోని ఓ నర్సు నెత్తిన పడింది. కుట్టుపని సంఘం, చదరంగం సంఘం, ముసలివాళ్ళ వ్యాయామ సంఘం, ఒక్కొక్క దాని గుమ్మం తొక్కుతూ, ఎక్కడ కూర్చోవాలో, ఎంతసేపు కూర్చోవాలో చెప్పుకుంటూ ఆవిడ మా కథానాయకుడి హాలుకు వచ్చింది.

పాటల సంఘం అనగానే ఆవిడ ముఖం మారింది.

"పాడేవాళ్ళంటేనే నాకు భయమండీ. మాట్లాడితే వచ్చే ఊపిరి వేరు, పాడితే వచ్చే ఊపిరి వేరు. మాస్కులుండాలి, ఎడంగా నిలబడాలి, అరగంటకి మించకూడదు. వీటన్నిటికంటే ముందు కిటికీలు. రెండు పక్కలవీ బార్లా తెరిచుండాలి."

బృందానికి పెద్ద, పాటల మాస్టారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. ప్రతి మాటకూ ముందు గొంతు సవరించుకోవడం ఆయన అలవాటు. అది లేకుండా ఆయన నోట మాటొచ్చిన దాఖలా లేదు.

"కిటికీలు తెరిస్తే పాటంతా వీధిలోకి పోతుందమ్మా. మేం మొదట్నుంచీ వేసుకునే పాడతాం."

"వీధిలోకి పోవాల్సింది పాట కాదండీ."

ఆ మాటతో మాస్టారు ఒప్పుకున్నాడు. కిటికీల బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. పాడనివాడు కావాలి, హాజరు తప్పనివాడు కావాలి. సభ ఏకగ్రీవంగా బాబాయ్ వైపు తిరిగింది. తలుపుల విషయంలో ఇంత అనుభవజ్ఞుడు ఊళ్ళో మరొకడు లేడని మాస్టారు గంభీరంగా ప్రకటించాడు. ఆ నియామకంలో ఉన్న ప్రమాదం ఒక్కరి బుర్రకూ తట్టలేదు. బాబాయ్ కూడా ఛాతీ విరుచుకున్నాడు.

నర్సు ఫ్యాను కొక్కేనికి దారం కట్టి, పల్చటి కాగితం ముక్క వేలాడదీసింది. కిటికీలన్నీ తెరిపించింది. కాగితం చేపపిల్లలా కొట్టుకుంది. "ఇది ఆడుతున్నంతసేపూ పాడండి. ఆగిందా, మీరూ ఆపండి" అని చెప్పి, సంచీ సర్దుకుని మెట్లు దిగింది. దిగి, ఎందుకో వెనక్కి చూసింది.

కాగితం నిలువునా వేలాడుతోంది, కదలడం లేదు.

కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చివరి గడియ మీద ఇంకా ఓ చెయ్యి ఉంది.

"బాబాయ్ గారూ, ఆ చెయ్యి మీదేనా?"

బాబాయ్ తన చేతికేసి చూసుకున్నాడు. పరాయివాడి చెయ్యి జేబులో దొరికినట్టుంది ఆయన పరిస్థితి. "నేను వెయ్యలేదమ్మా" అన్నాడు. అబద్ధం కాదు. ఆయనకు తెలిసినంతలో అది నిజమే.

నర్సు నవ్వలేదు. మళ్ళీ మెట్లెక్కి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "నదికి అవతల ఇలాంటిదే ఓ పాటల సంఘం ఉండేదండీ. నేనే తెరిపించాను. అన్నీ సరిగ్గా చేశారు. మాస్కులు, ఎడం, అన్నీ. మధ్యలో దోమలొస్తున్నాయని ఒకాయన లేచి కిటికీలు వేశాడు. మంచివాడే. సాయం చేద్దామనుకున్నాడు. తరవాత వాళ్ళు మళ్ళీ చేరినప్పుడు ముందువరసలో కూర్చోడానికి మనుషుల్లేరు."

"ఆ కిటికీలు వేసినాయన?"

"ఆయనకేం కాలేదు. బాగానే ఉన్నాడు. రోజూ హాలు గుమ్మంలో కూర్చుంటాడు."

ఆ సాయంత్రం బాబాయ్ అన్నం ముందు కూర్చుని, కలిపిందే కలుపుతున్నాడు.

"అక్కయ్యా, ఈసారికి నువ్వు వెళ్ళకు."

"ఎందుకు?"

"కిటికీలు నేను చూసుకుంటున్నాను."

"అయితే ఇంకేం, మంచిదేగా."

"మంచిది కాదు."

అక్కయ్య గరిటె కింద పెట్టింది. "చూడరా. ఇన్ని నెలలూ గోడలకు పాడి వినిపించాను. వాటికి శ్రుతీ తెలియదు, లయా తెలియదు. నీకు అసలే తెలియదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే రోగం రాకుండానే పోతాను. నేను వెళ్తున్నాను. నువ్వు కిటికీలు చూసుకో. సరేనా?"

సరేనన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. పెరటి తలుపు దాటాక, వెనక గడియ పడ్డ చప్పుడు వినిపించింది. అక్కడే ఆగిపోయాడు. వేసింది ఎవరో ఆయనకు అర్థమైంది.

అప్పట్నుంచి ఆయన తన ఎడమచేతిని గమనించడం మొదలుపెట్టాడు. చేసుకున్నవాణ్ణి భార్య గమనించినట్టు గమనించాడు. అది నమ్మదగింది కాదని తేలింది. జేబులో పెట్టుకుంటే కుడిచెయ్యి ఆ పని అందుకుంది. రెండు చేతులూ కట్టుకుంటే మోకాలు ముందుకొచ్చింది. ఎక్కడో ఓ గుమ్మంలో కూర్చున్న మనిషి పదేపదే కళ్ళముందు మెదిలాడు. ఆయన చేతులు మాత్రమే కనిపించేవి. ఒళ్ళో పెట్టుకున్న చేతులు.

పాట రేపనగా, పొద్దుగుంకే వేళ బాబాయ్ హాలుకు వెళ్ళాడు. స్క్రూడ్రైవరు తీసుకుని కిటికీ రెక్కల బందులు ఊడదీయడం మొదలుపెట్టాడు. తుప్పుపట్టిన మరలు కీచుమన్నాయి. ఒక్కొక్క రెక్కనూ పసిబిడ్డను దింపినట్టు దింపి, సామాన్ల గదిలో గోడకు చేర్చాడు. మరలన్నీ చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ జేబు అడుగున కుట్టు ఊడిందనీ, విప్పి ఇస్తే కుడతాననీ అక్కయ్య ఎన్నాళ్ళుగానో పోరుతోంది. పెద్ద తలుపు ఊడదీయడం ఒంటిమనిషి వల్ల కాదు గనక, దాని రెక్కలు పడకుండా గుమ్మానికి అటూ ఇటూ చెరో బెంచీ ఇరికించాడు. తిరిగి చూసుకుంటే హాలు పళ్ళూడిన నోరులా ఉంది.

మర్నాడు పదిమందీ చేరారు. రెక్కలు లేవని ఎవరూ గుర్తించలేదు. బార్లా తెరిచిన కిటికీకీ, రెక్కలే లేని కిటికీకీ పాట మీద ధ్యాస ఉన్నవాళ్ళకు తేడా తెలియదు. నర్సు ఆ పూట మరో సంఘం తెరిపించడానికి వెళ్ళింది. కాగితం ముక్క ఆడుతోంది. అక్కయ్య కిటికీ పక్కనే నిలబడింది. ఎదురుగా మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఒకసారి కాదు, వరసగా మూడు నాలుగుసార్లు. ఎప్పుడూ చేసేదే కదాని ఎవరూ తలెత్తలేదు. బాబాయ్ ఒక్కడే ఆయనకేసి చూశాడు. అలవాటు చాటున ఏం దాక్కోగలదో ఆయనకు ఈమధ్యే తెలిసింది.

పాట ఎత్తుకున్నారు. అక్కయ్య గొంతు మాస్కులోంచి కూడా సన్నగా లేచింది. రెండో చరణంలో ఆకాశం నల్లబడింది. గాలి చేతుల్లోని పాటల కాగితాలను ఎత్తుకుపోయింది. ఆ వెనకే జల్లు.

"బాబాయ్, కిటికీలు వేసెయ్" అన్నాడు మాస్టారు.

"హార్మోనియం తడుస్తోంది బాబాయ్."

"కాసేపే. వాన తగ్గాక తీద్దాం."

"పెద్దావిడ తడిసిపోతోందయ్యా, చూడవేం?"

ఆ చివరిమాటకు చెయ్యి లేచింది. బాబాయ్ దాన్ని ఆపలేదు. ఆపడానికి ఆయన అక్కడ లేనే లేడు. చెయ్యి అక్కయ్య భుజం మీదుగా కిటికీలోకి సాగింది, రెక్క అంచుండే చోట వేళ్ళు బిగిశాయి, లాగింది. చేతికి వాన తప్ప ఏమీ దొరకలేదు. ఇంకోసారి లాగింది. పక్క కిటికీకి వెళ్ళింది. అక్కడా అంతే. అందరూ పాట మానేసి, గాలిని పట్టుకు లాగుతున్న మనిషిని చూస్తూ ఉండిపోయారు.

"రెక్కలేవి?" అన్నాడు మాస్టారు.

"ఊడదీశాను."

"ఎందుకు?"

"ఇదుగో, ఇందుకే" అని బాబాయ్ తడిసిన చెయ్యి చూపించాడు.

అక్కయ్య ఆ చేతికేసి, తమ్ముడి ముఖంకేసి చూసింది.  నెత్తిమీద నీళ్ళు తుడుచుకుని, ఆగినచోట పాట అందుకుంది. మిగతావాళ్ళు తిట్టుకుంటూనే అందుకున్నారు.

రెండు రోజులు తిరక్కుండానే కబురొచ్చింది. మాస్టారికి జ్వరం. పరీక్ష చేశారు. రోగమే.

పాడినవాళ్ళందరినీ ఎవరిళ్ళల్లో వాళ్ళను ఉండమన్నారు. అందరి ముఖాలకూ ఎదురుగా నిలబడి నోరారా పాడించినవాడు మాస్టారే. ఎవరికి ఎవరు ఫోను చేసినా ముందు దగ్గు వినిపిస్తుందేమోనని కాసేపు మాట్లాడకుండా వినేవారు. బాబాయ్ పగలంతా అక్కయ్య ఊపిరి వింటూ కూర్చున్నాడు. ఒకనాడు పొద్దున్నే ఆవిడ దగ్గింది.

"పొలమారింది" అంది.

కాసేపటికి మళ్ళీ దగ్గింది. ఈసారి పొలమారడానికి నోట్లో ఏమీ లేదు.

నర్సు వచ్చింది. ఒంటినిండా కప్పుకుని, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అక్కయ్య ముక్కులో పుల్ల పెట్టి తీసి, గొట్టంలో వేసి మూత బిగించింది. బయటికొచ్చి బాబాయ్‌తో చెప్పింది.

"ఫలితం వచ్చేదాకా ఆవిడ గదిలోనే ఉండాలి. కిటికీ తీసుంచండి. ఈ తలుపు మాత్రం వెయ్యండి. మీరు ఇవతలే ఉండండి."

"వెయ్యాలా?"

"వెయ్యాలి."

బాబాయ్ తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల అక్కయ్య మంచం మీద కూర్చుని, కాళ్ళ దగ్గర దుప్పటి సర్దుకుంటోంది. చెయ్యి కదల్లేదు. జీవితమంతా అడక్కుండా తలుపులు వేసిన చెయ్యి, అడిగినప్పుడు వెయ్యనంది. నర్సు చూస్తూ నిలబడింది. చెట్టంత మనిషి, చెక్కకు చెయ్యి ఆనించి, అలాగే ఉండిపోయాడు.

"వెయ్యరా" అంది అక్కయ్య లోపల్నుంచి. "గాలికి జలుబు చేస్తుంది."

నర్సే ముందుకొచ్చి తలుపు లాగింది.

ఆ గుమ్మం ముందు కుర్చీ వేసుకుని బాబాయ్ కూర్చున్నాడు. కూర్చున్నాక చేతులు ఒళ్ళో ఉన్నాయని గమనించి, చటుక్కున తీసి కుర్చీ చేతుల మీద పెట్టుకున్నాడు. లోపల దగ్గు ఆగితే భయం, ఆగకపోతే భయం. వీధిలో అంబులెన్సు ఒకటి వచ్చింది, నెమ్మదించింది, దాటిపోయింది. పొద్దు వాలింది, మళ్ళీ పొద్దు పొడిచింది. మధ్యాహ్నం ఫోను మోగింది.

"బాబాయ్ గారూ, అది రోగం కాదు. ఉత్త జలుబు. మిగతావాళ్ళలో కూడా ఎవరికీ అంటలేదు."

బాబాయ్ ఆ మాట తలుపులోంచే చెప్పాడు.  లోపల్నుంచి గట్టి తుమ్ము వినిపించింది.

"వానలో నిలబెట్టి తడిపావుగా, జలుబు చెయ్యక ఏం చేస్తుంది? తలుపు తియ్యి."

మాస్టారు కోలుకున్నాడు, మళ్ళీ గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు. సంఘం సమావేశమై, చలికాలం రాబోతున్నందువల్లనూ, రోగం ఉద్ధృతి తగ్గినందువల్లనూ, కిటికీల రెక్కలను యథాస్థానంలో బిగించవలసిందిగా లిఫ్టు బాబాయ్‌ని గౌరవపూర్వకంగా కోరుతూ తీర్మానం చేసింది. ఆయన స్క్రూడ్రైవరు పుచ్చుకుని వెళ్ళాడు. రెక్కలు సామాన్ల గదిలో గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. ఆనాటి చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ఊడిన కుట్టులోంచి వేళ్ళు బయటికొచ్చాయి.

మరలు లేవు.