అగ్రిమెంటులో లేని తిరుగు ప్రయాణం

స్కార్‌బరోలో మా ఎదురు ఫ్లాట్ ఐరీన్ ఆంటీది. గయానాలో పుట్టిన చైనీస్ ఆవిడ. డెబ్భై తొమ్మిదేళ్లు, చూపు బాగా తగ్గింది. బ్రిటిష్ వాళ్ల చెరకుతోటల్లో పనికి ఆవిడ ముత్తాత వేలిముద్ర వేసిన అగ్రిమెంటు ఇక్కడికి రైల్లో రెండు గంటల పైన దూరంలో, కింగ్‌స్టన్‌లో ఉండే పిన్నికొడుకు వాల్టర్‌కి దొరికిందట. "వచ్చి చదివిపెడతావా, సుజాతా?" అని అడిగింది. ఆదివారం నాకు చర్చి ఉంటుంది కాబట్టి శనివారం బయల్దేరాం.

ఉదయం ఏడున్నరకి సిటీ బస్సెక్కి గిల్డ్‌వుడ్ స్టేషన్‌కి చేరాం. ఎనిమిదిన్నర దాటాక రైలొచ్చింది. వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ సీట్లు బుక్ చేసుకోండి, దారిలో సరస్సు కనిపిస్తూ ఉంటుంది. నా పులిహోర స్పూన్‌తో తింటూ ఆంటీ చెప్పింది. "మా అమ్మ ఆ ముత్తాత పేరే ఎత్తనిచ్చేది కాదు. చైనాలో పెళ్లాన్ని వదిలేసి, గయానాలో ఇంకో పెళ్లి చేసుకున్నాడని కోపం."

పదకొండు కావస్తుండగా దిగాం. వాల్టర్ గారు కారులో ఇంటికి తీసుకెళ్లి, భోజనాల బల్ల మీద కాగితం పరిచారు. ఒక సగం చైనీస్, ఒక సగం ఇంగ్లీష్. నేను గట్టిగా చదివాను. ఐదేళ్లు పని. ఏ తోటకి పంపితే ఆ తోటలోనే. తిండి, ఉండడానికి చోటు, జబ్బు చేస్తే మందులు. వెళ్లే ఓడ ఖర్చు బ్రిటిష్ వాళ్లదే.

"తిరిగి రావడానికి?" అంది ఆంటీ.

కాగితం తిప్పి మళ్లీ చదివాను. "ఏమీ రాయలేదు ఆంటీ."

"ఇండియా నుంచి వచ్చినవాళ్లకి తిరుగు ఓడ రాసేవారట. మావాళ్లకి లేదు," అన్నారు వాల్టర్ గారు. ఇలాంటి అగ్రిమెంటు మీదే ఫిజీ చెరకుతోటలకి వెళ్లిన మన తెలుగువాళ్లు గుర్తొచ్చారు నాకు.

చివర ఇంకో షరతు ఉంది. ప్రతినెలా అతని జీతంలో కొంత చైనాలో సొంతూళ్లో ఉన్న ఇంటికి ఇవ్వాలి. ఎవరికి అన్నచోట ఇంగ్లీషులో 'భార్య' అని మాత్రమే ఉంది. చైనీస్ వైపు ఏముందో చదవడం మాలో ఎవరికీ రాదు. ఫోటో తీసుకున్నాను.

ఆయన వండిన చౌమీన్ తిని, నాలుగింటి రైలెక్కాం. ఎదురు సీట్లో హాంకాంగ్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక నర్సు. ఫోటో చూపించి అడిగాను. పెద్దది చేసి చూసి, "చాన్ వారి ఆడపడుచు అని ఉంది. పెళ్లైన ఆడవాళ్లని అప్పట్లో ఇలాగే రాసేవారు. సొంత పేరు లేదు," అంది.

"ఆ డబ్బు ఆమెకి చేరిందా?" అంది ఆంటీ.

"అది ఇందులో తెలియదండీ," అంది నర్సు.

ఆంటీ అక్కడే వాల్టర్ గారికి ఫోన్ చేయించింది. "మన వంశవృక్షంలో ఆయన పక్కన చాన్ వారి ఆడపడుచు అని రాయి. గయానాలో చేసుకున్న మన ముత్తవ్వ కంటే ముందు రాయి."

ఆరు దాటాక గిల్డ్‌వుడ్‌లో దిగి బస్సెక్కాం. కింగ్‌స్టన్‌లో కోట ఉంది, రేవు ఉంది, మేం ఏదీ చూడలేదు. అయినా వెలితి అనిపించలేదు. దిగే స్టాప్ దగ్గరపడుతుండగా ఆంటీ అంది, "ఈ కాగితం అమ్మ బతికున్నప్పుడే దొరకాల్సింది. ఆయనకి తిరుగు ఓడ లేదని తెలిసేది."