బోర్డు వెనక చిన్నరసాలు

మా శిక్షణలో విద్యార్థులు ఎవరి ఊళ్లో వాళ్లుండి, నూజివీడులో నా అద్దె గదిలో ఉన్న చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు ఇంటర్నెట్ ద్వారా ప్రోగ్రామ్ ఎక్కించాలి. దాని మీది లైటు వెలిగిందో లేదో వాళ్లకు కనిపించాలని ఈ రోజు ఒక కెమెరా కూడా బిగించి, కాఫీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్లాను.

ఇంతలో విద్యార్థుల గ్రూపులో గోల మొదలైంది. "మేడమ్, అంతా చీకటి!"

నాకు ముందు వైఫై మీద అనుమానం, తర్వాత కేబుల్ మీద, ఆ తర్వాత విద్యార్థుల మీదే. తీరా గదిలోకి వెళ్లి చూస్తే కెమెరా మీద తువ్వాలు కప్పి ఉంది. పక్కనే ఇంటి ఓనరు సుగుణమ్మ గారు. ఆ గదిలోనే ఓ మూల ఆవిడ ఏటా వరిగడ్డిలో మామిడికాయలు మాగేస్తారు.

"ఇందులోంచి ఎవరు చూస్తున్నారమ్మాయ్?"

"మా స్టూడెంట్లండీ. వాళ్లు చూసేది లైటునే."

"లైటు చూడ్డానికి ఇంతమందా? ఎక్కడెక్కడి కళ్లో పడితే కాయలకు దిష్టి తగలదూ?"

నవ్వాపుకుని, బోర్డు తప్ప ఇంకేమీ కనబడదని ఒట్టేసి మరీ తువ్వాలు తీశాను. ఆవిడ నమ్మలేదు, గుమ్మంలోనే నిలబడ్డారు. లైటు వెలిగింది. వెంటనే ఒక మెసేజ్ వస్తే, ఉత్సాహం కొద్దీ పైకే చదివేశాను.

"మేడమ్, వెనక గడ్డిలో ఉన్నవి చిన్నరసాలేనా?"

సుగుణమ్మ గారు తువ్వాలు తీసుకుని మళ్లీ కప్పేశారు.

ఇప్పుడు నాకూ అనుమానంగానే ఉంది. అసలు మా స్టూడెంట్లలో ఆ లైటును చూసినవాళ్లు ఒక్కరైనా ఉంటే కింద కామెంట్లో చెప్పండి. రేపు ఒక్క కాయ కుళ్లినా ఈ ఇంట్లో నేనే మాట పడాలి.