ఏడింటి తగువు

మా పై వాటాలో ఉండే వదినగారు గురువారం నిద్రలోనే పోయారు. మాది చుట్టరికం కాదు. అశోక్‌నగర్‌లో ఒకే ఇంట్లో, ఒకే మెట్లు వాడుకుంటూ ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాం కనుక వరస కలిసింది. పరామర్శకు వచ్చినవాళ్లు చాలామంది పక్షవాతమే తీసుకుపోయిందన్నారు. కాదు, గుండె ఆగి పోయారు. పక్షవాతం నుంచి ఆమె నాలుగేళ్ల కిందటే బయటపడ్డారు. తప్పు వివరం నిలిచిపోకూడదని ఇది రాస్తున్నాను.

ఆ పక్షవాతం వచ్చిన రోజు ఉదయం మా ఇద్దరికీ తగువైంది. ఏడింటికి కుళాయిలో మంజీరా నీళ్లు వస్తాయి. ముందు కింది వాటా, తరువాత పై వాటా అని వాడుక. ఆవేళ ఆమె ముందే మోటారు వేశారు. ఇదేమిటని మెట్ల దగ్గర నిలబడి అడిగాను.

"నీళ్లేమన్న మీ క్లాసు పిల్లలా పంతులమ్మా, లైన్ల నిలబడనీకి?" అన్నారు పై నుంచి.

నేను తలుపు వేసుకున్నాను.

పదకొండింటికి వాళ్లబ్బాయి చిక్కడపల్లిలోని తమ దుకాణం నుంచి వచ్చాడు, అమ్మ ఫోన్ ఎత్తడం లేదని. అతని కేక విని పైకి వెళ్లాను. వదినగారు కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నారు. మూతి వంకరపోయింది. కుడి చేయి వేలాడుతోంది. ఏదో అనబోయారు, శబ్దం వచ్చింది గాని మాట రాలేదు. బీపీ పడిపోయిందనుకుని అబ్బాయి ఉప్పు నీళ్లు పట్టబోతే ఆపాను. మింగలేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు.

ఆటోలో నారాయణగూడలోని ఆసుపత్రికి తీసుకుపోయాం. స్కాన్ చూసి, మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందన్నాడు డాక్టర్. చివరిసారి ఆమె బాగుండగా ఎవరు, ఎప్పుడు చూశారని అడిగాడు. అబ్బాయి ఆవేళ ఆమె లేవకముందే సరుకు కోసం వెళ్లాడు. కోడలు పుట్టింట్లో ఉంది.

"రాత్రి అన్నం తిన్నప్పుడు సార్" అన్నాడు.

డాక్టర్ ముఖం మారింది. అంతసేపైతే గడ్డ కరిగించే మందు ఇవ్వలేమన్నాడు.

"ఏడింటికి బాగున్నారు. నాతో తగువాడారు" అన్నాను.

మాట తడబడిందా అని అడిగాడు. లేదన్నాను. ఏమన్నారో చెప్పమన్నాడు. అంతమంది ముందు ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్పాను. నర్సు నవ్వు ఆపుకుంది. డాక్టర్ గడియారం చూశాడు.

చేతి నరానికి ఇచ్చే ఇంజెక్షన్‌కు వేళ దాటిపోయిందట. అయితే తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం మెదడు దాకా పంపి, మందును గడ్డ దగ్గరే వదలడానికి ఇంకా కాస్త సమయం ఉందన్నాడు. అందువల్ల మెదడులో రక్తస్రావం కావచ్చు, ప్రాణమే పోవచ్చు. చేయకపోతే మాట తిరిగి రావడం కష్టం.

అబ్బాయి కలం పట్టుకుని నా వైపు చూశాడు. "మీరే చెప్పున్రి అత్తమ్మా. ఏమన్న అయితే?"

"మాట లేకుండా మీ అమ్మ దుకాణంలో కూర్చోగలదా? ఆలోచించు. త్వరగా ఆలోచించు" అన్నాను.

సంతకం పెట్టాడు.

ఆపరేషన్ గది తలుపు బయట కూర్చున్నంతసేపూ ఒకటే భయం. నేను చెప్పిన ఏడింటి మీదే లోపల అంతా నడుస్తోంది. ఆ మాటల్లో నిజంగా తడబాటు లేదా? మనసులో మళ్లీ మళ్లీ విన్నాను. లేదు.

సాయంత్రం లోపలికి పిలిచారు. వదినగారు కళ్లు తెరిచి నన్ను పై నుంచి కింది దాకా చూశారు. నాలుక మెల్లగా తిరిగింది.

"గా చీరకు... గీ జాకెట్ ఏంది?"

అబ్బాయి గోడకు తల ఆనించి ఏడ్చాడు.

వాళ్లది మ్యాచింగ్ సెంటర్. చీర చూసి, రంగు పేరు చెప్పి, దానికి నప్పే జాకెట్ గుడ్డ తీయించడం ఆమె పని. "కొనకున్నా మంచిదే, తప్పు రంగు తొడుక్కొని పోవద్దు" అనేవారు గిరాకీలతో. కొన్నాళ్లకు మళ్లీ తన కుర్చీలో కూర్చున్నారు. కొన్ని రంగుల పేర్లు మాత్రం చప్పున వచ్చేవి కావు. అందించబోతే ఒప్పుకునేవారు కాదు. గుడ్డ మీద వేలు ఉంచి, వెతుక్కుని, "ఉల్లిపొర" అనేవారు. పచ్చ అంటే ఒకటే పచ్చ అనుకున్న నాకు, ఈ వయసులో రంగులు చూడడం నేర్పింది ఆమే.

నిన్న దుకాణం మళ్లీ తెరిచారు. నేను వెళ్లేసరికి ఒకామె చీరతో నిలబడి ఉంది. కోడలు ఒక్కో గుడ్డా తెచ్చి, గడప దగ్గర వెలుతురులో ఆ చీర పక్కన పెట్టి చూస్తోంది. కాదని మడిచి, ఇంకొకటి తెస్తోంది. ఆ రంగు పేరు ఎవరూ చెప్పడం లేదు.