పన్నెండు పాయింట్ ఆరు

కాలేజీ తెరవడానికి ఇంకా ఆరు రోజులున్నాయనగా తమ్ముడు కూతుర్ని వెంటబెట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. కూర్చోకుండానే సంచిలోంచి నీలం అట్ట వేసిన లావుపాటి పుస్తకం తీసి, నెలల పిల్లను అందించినట్టు రెండు చేతులతో అందించాడు.

"చూడక్కా. ఏడాది మొత్తానికి ప్రాక్టికల్స్ రికార్డు. నీ మేనకోడలు సెలవుల్లో ఊరికే కూర్చోలేదు."

అక్క ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనే అటెండరు. ఇరవై ఆరేళ్ళుగా గాజు సామాను కడగడం, ద్రావణాలు కలపడం, క్లాసు మొదలయ్యేలోగా బల్లల మీద సర్దడం ఆమె పని. పిల్లలు ఆమెను సీసాలమ్మ అంటారు. వెనకాలే కాదు, ఎదురుగానూ అంటారు, ఆమె పలుకుతుంది. పదో తరగతితో చదువాపేసి చేరింది. రసాయనాల పేర్లు సీసాల మీద చీటీలు చదివి నేర్చుకుంది. తూచి కలపడం మాత్రం ఒక పాత లెక్చరరు నేర్పాడు. ఆయనకు నడుం నొప్పి, వంగలేడు. ఆ నొప్పి పుణ్యమా అని ఆమెకు పని వచ్చింది.

సీసాలమ్మ రికార్డు తెరిచింది. గుండ్రటి అక్షరాలు, స్కేలు పెట్టి కొట్టిన గీతలు, ఎడమ పేజీలో పెన్సిలుతో గీసిన బ్యూరెట్టు, కింద కుళాయి ఉన్న గీతల గాజు గొట్టం. మొదటి ప్రయోగం కింద పట్టిక ఉంది. అందులో మూడు రీడింగులు: 12.6, 12.5, 12.6.

ఆమె ముఖం బిగుసుకుంది.

"ఇవెవరివే?"

"పోయినేడు ఫస్టొచ్చిన అక్కవి, అత్తా. కాలేజీలో చేరేముందు ఏం చేసుకోవాలో చెప్పమంటే అన్నిటికన్నా ముందు ఇది చెప్పింది. రికార్డు ముందే రాసిపెట్టుకుంటే ఏడాదంతా హాయిగా ఉంటుందట."

"ఆ అక్కకెక్కడివి?"

"వాళ్ళ సీనియర్లవి."

"ఆ సీనియర్లకి?"

మేనకోడలు తండ్రి వైపు చూసింది. ఆయన సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు.

ఆ అంకె ఎక్కడ పుట్టిందో సీసాలమ్మకు తెలుసు. అది ఆమె చేతిలోనే పుట్టింది. పదకొండేళ్ళ కిందట ల్యాబ్‌లో తూకం యంత్రం చెడింది. నాలుగు గ్రాములు పెడితే ఐదు చూపించింది. ఆ సంగతి తెలియక ఆమె సోడా తక్కువ వేసి పలచగా కలిపింది. మామూలుగా పది మిల్లీలీటర్ల దగ్గర రంగు మారాల్సిన ఫ్లాస్కు, పన్నెండున్నర దాటితే గానీ మారలేదు. ఆ ఏటి పిల్లలు వచ్చిందే రాసుకున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. నెల తర్వాత యంత్రం బాగుచేయిస్తే విషయం బయటపడింది. ఆమె భయం భయంగానే వెళ్ళి అప్పటి హెడ్డుకు చెప్పుకుంది. "సంతకాలయిపోయాయి కదమ్మా, ఇప్పుడు తవ్వితే పురుగులే," అన్నాడాయన.

మర్నాటి నుంచి ద్రావణం సరిగ్గానే కలిపింది. కానీ తర్వాతి ఏడాదీ రికార్డుల్లో 12.6 వచ్చింది. ఆ పై ఏడాదీ అంతే. బ్యూరెట్టులో పది, కాగితం మీద పన్నెండు పాయింట్ ఆరు. ఒక కుర్ర లెక్చరరుతో మొరపెట్టుకుంటే, "మీ అంకెకు చావు లేదు సీసాలమ్మా," అని నవ్వి వెళ్ళిపోయాడు.

నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్లలు వస్తారు. కరుస్తుందేమో అన్నట్టు బ్యూరెట్టును రెండు వేళ్ళతో పట్టుకుంటారు. ఎవరూ చూడటం లేదనుకున్నాక ద్రావణాన్ని సింకులో పారబోసి, 12.6 రాసి, సంతకానికి వరసలో నిలబడతారు. ఆమె పొద్దున్నే వచ్చి, పొడి ఎగిరిపోకుండా కిటికీ మూసి, ఊపిరి బిగబట్టి తూచి కలిపినది అలా తూములోకి పోతుంది. సింకు ముందు నిలబడేది ఆమే కాబట్టి ఆ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

"దీన్ని చించెయ్," అంది.

"అక్కా, నీకేమైనా మతి పోయిందా? రెండు నెలలు రాసింది పిల్ల. వేళ్ళు కాయలు కాశాయి."

"నువ్వేం ఉద్యోగం చేస్తున్నావురా?"

"అదేం ప్రశ్న? మీటర్ రీడింగ్."

"ఇంటింటికీ తిరగడమెందుకు? చెట్టు నీడన కూర్చుని పోయినేటి అంకెలే వేసెయ్. హాయిగా ఉంటుంది."

"ఉద్యోగం ఊడుతుంది."

"నీకైతే ఊడుతుంది. నీ కూతురికైతే ఫస్టు క్లాసొస్తుంది. బాగుంది న్యాయం."

తమ్ముడు గొణిగాడు. "లోకమంతా చేస్తున్నదే కదక్కా. అందరికీ ఒకటొచ్చి దీనికొకటొస్తే మార్కులు పోయేది దీనికే. నువ్వు వేస్తావా మార్కులు?"

ఆ మాటకు ఆమెకు ఇంకా మండింది. "రేపు ఎనిమిదింటికి ల్యాబ్‌కు రా," అంది మేనకోడలితో. "రికార్డు తేకు, ఖాళీ చేతులతో రా."

మర్నాడు ల్యాబ్‌లో ఇద్దరే ఉన్నారు. మొదటిసారి మేనకోడలు కుళాయి ఎక్కువ తిప్పేసింది. ఫ్లాస్కు ముదురు గులాబీ రంగుకు తిరిగింది. "పెళ్ళికూతురు బుగ్గల్లా ఉంది," అంది సీసాలమ్మ. "పారబోసి మళ్ళీ చెయ్. చివర్లో ఒక్కొక్క చుక్కే వదలాలి. వంగు, కన్ను గీతకు సమానంగా పెట్టు. పైనుంచి చూస్తే ఒకటి, కిందనుంచి చూస్తే ఒకటి కనిపిస్తుంది." రెండోసారి 10.1 వచ్చింది. మూడోసారి, నాలుగోసారి పది.

మేనకోడలు కుళాయి కట్టేసింది. "మరి రికార్డులో ఏం రాయను అత్తా?"

"నీ కంటికేం కనబడిందో నువ్వే చూశావు. ఇక నన్నడగకు."

కాలేజీ తెరిచాక మొదటి ప్రాక్టికల్‌లో నలభై మంది వరసలో నిలబడ్డారు. మేనకోడలు వంతు వచ్చింది. ఆమె రికార్డు చించలేదు. పాత అంకెల మీద ఒక్క అడ్డగీత కొట్టి, పైన 10.0 అని రాసింది. లెక్చరరు ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టాడు.

"వరసలో అందరికీ 12.6 వస్తే నీ ఒక్కదానికి పదెలా వచ్చింది? ముందు సరిగ్గానే రాసి, మళ్ళీ పాడుచేసుకున్నావు. ఫెయిర్ చేసుకుని రా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేనకోడలు చెవులు ఎర్రబడ్డాయి, అయినా అక్కణ్ణించి కదల్లేదు. "నాకు పదే వచ్చింది సార్," అంది.

ఇరవై ఆరేళ్ళలో క్లాసు జరుగుతుండగా సీసాలమ్మ నోరు విప్పింది లేదు. ఆ రోజు చేతులు తుడుచుకుంటూ సింకు దగ్గర్నుంచి వచ్చింది.

"పదే రావాలి సార్. పన్నెండు పాయింట్ ఆరు నేను పదకొండేళ్ళ కిందట చేసిన తప్పు. తూకం చెడిన ఏడాది పలచగా కలిపాను. అప్పట్నుంచి పిల్లలు దాన్నే రికార్డుల్లో ఎక్కిస్తున్నారు, మీరు దాని మీదే సంతకాలు పెడుతున్నారు."

లెక్చరరు పెన్ను ఆపాడు.

"ఇది క్లాసమ్మా. తర్వాత మాట్లాడుకుందాం."

"మాటలెందుకు సార్. బ్యూరెట్టు నింపి ఇస్తాను. మీరే ఒక్కసారి చేసి చూడండి."

లెక్చరరు గడియారం చూసుకున్నాడు. మేనకోడలి రికార్డు దగ్గరకు లాక్కుని సంతకం పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన 12.6లన్నిటికీ వరసగా సంతకాలు పెట్టాడు. "ఈసారికి రెండూ కరెక్టే అనుకుందాం," అన్నాడు.

మెట్ల మీద మేనకోడలు ఆగింది. "నాకూ పదికి తొమ్మిది మార్కులే, వాళ్ళకీ తొమ్మిదే అత్తా. సింకులో పోసినవాళ్ళకి కూడా. మరి నేనెందుకు చేసినట్టు?"

సీసాలమ్మ గిరుక్కున తిరిగి ల్యాబ్‌లోకి వెళ్ళిపోయింది. ఆమెకు లెక్చరరు మీద కోపంగా ఉంది. ఆ వారమంతా ఏ సీసా కడిగినా ఠంగుమని మోగింది.

రెండో ప్రాక్టికల్ రోజు ఆమె ఏడింటికే వచ్చింది. ఎప్పుడూ ఒకే పెద్ద కూజాలో కలిపి అన్ని బల్లలకూ పంచేది. ఆ రోజు ఎనిమిది సీసాల్లో ఎనిమిది రకాలుగా కలిపింది. ఏ బల్లకు ఏది, ఎంత బలం అన్నది తన నోటుపుస్తకంలో రాసుకుంది. సీసాల మీద ఒకటి నుంచి ఎనిమిది వరకు వరస నంబర్లు తప్ప ఇంకేమీ రాయలేదు.

లెక్చరరు రాగానే సీసాలు చూశాడు. "ఇదేంటమ్మా? ఎవరు చెయ్యమన్నారు?"

"రికార్డులో మొదటి లైనే అది సార్. 'ఇచ్చిన ద్రావణం గాఢత కనుగొనుము.' ఇచ్చాను. కనుక్కోమనండి. జవాబులు నా దగ్గరున్నాయి, చివర్లో చూసి మార్కులు వేద్దురుగాని."

ఆయన పిల్లల ముందు ఆ లైను తప్పని అనలేకపోయాడు.

ముందే నింపి తెచ్చిన రికార్డులు బల్లల మీద తెరిచి ఉన్నాయి. ఒకడు పక్క బల్లవాడి అంకె చూసి, వాడి సీసా నంబరు చూసి, మళ్ళీ తన చోటికి వెళ్ళిపోయాడు. మేనకోడలు తెల్ల పేజీ తీసుకుని పని మొదలుపెట్టింది. పక్క బల్ల పిల్ల ఆమె ఎలా వంగుతోందో చూసి తనూ వంగింది. ఒక్కొక్కరే బ్యూరెట్టు ముందు మోకాళ్ళు వంచారు.

గంట కొట్టేసరికి సగం మందికి కూడా పూర్తి కాలేదు. లెక్చరరు విసుక్కున్నాడు. "ఇలాగైతే ఏడాదికి పదహారు ప్రయోగాలు ఎలా అవుతాయి?"

"ఇన్నేళ్ళలో ఎన్ని అయ్యాయి సార్?" అంది సీసాలమ్మ.

ఆయన నోటుపుస్తకం కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. మూడో బల్ల దగ్గర ఎవరి ఫ్లాస్కో ముదురు గులాబీకి తిరిగింది. ఆమె వెళ్ళి దాన్ని కడిగి, వాళ్ళ చేతికే తిరిగి ఇచ్చింది.

"మళ్ళీ చెయ్," అంది. "గంట కొడితే కొట్టింది. తాళాలు నా దగ్గరే ఉన్నాయి."