బావ రైఫిలుకు స్కోపు, నా నుదుటికి నాలుగు కుట్లు

ముందుగాల్నే చెప్తున్న, నన్నెవ్వరు కొట్టలే. మా ఇంటామె అసలే కొట్టలే. మూడు రోజుల సంది నాచారంల ఇదే పంచాయితి. పాలాయన అడుగుతడు, వాచ్‌మన్ అడుగుతడు. పై ఫ్లోర్ ఆంటీ అయితే నన్ను అడగకుంట మా ఇంటామె దిక్కే అనుమానంగ చూస్తది! గందుకే చాయ్ తాగుకుంట మీకు ఒక్కపారి మొత్తం చెప్త, అందరికి మీరే చెప్పుకోండ్రి. ఈ కుట్లు ఎట్ల పడ్డయంటే... మా బావకు ఒక గొట్టం కొనిపెట్టిన. గంతే!

నవ్వకుండ్రి, ఇనుండ్రి.

మా బావ అంటే మా అక్క మొగుడు. కీసర అవుతల వ్యవసాయం. వాళ్ల నాయిన నుంచి వచ్చిన పెద్ద రైఫిలు ఒకటున్నది ఆయన దగ్గర, లైసెన్సుతోని. అడవిపందులు మక్కచేన్లు ఆగమాగం జేస్తుంటే, పర్మిషన్ కాయితం ఇచ్చి ఊర్లోళ్లు పిలిపిచ్చుకునే షూటర్లల ఈయన ఒకడు. ఆ రైఫిలు పేలిందంటే గాడిద తన్నినట్టే భుజానికి. మనిషి ఎట్లనో ఓర్సుకుంటడు గని, పైన బిగించే స్కోపు ఓర్సుకోదు. స్కోపంటే గురి చూసే గొట్టం.

పోయిన నెల చేన్ల సరిగ్గ గురి పెట్టి కాల్సిండు. పంది తోక ఊపుకుంట పోయింది. చూస్తే ఏముంది? రైఫిలు దెబ్బలకు గొట్టం లోపలి ప్లస్ గుర్తు పక్కకు ఒరిగి ఉన్నది! "షూటర్ సాబ్, పందికి సలాం కొట్టినవా?" అని ఊరంత ఒకటే నవ్వుడు. సర్పంచి అయితే మొహం మీదనే అన్నడు. "వచ్చే నెల ఒక ఆదివారం ఇంకొక్కపారి చూస్తం. గది గిన తప్పితే వేరేటోన్ని పిలుసుకుంటం."

మా బావకు పరువు పోతే పానం పోయినట్టే. ఆ ఆదివారం ఇంక నాలుగు రోజులున్నదనంగ, బుధవారం పొద్దున్నే మా ఇంటికొచ్చి కూసున్నడు.

"బామ్మర్దీ, నువ్వు ఇరవై రెండేండ్ల సంది గొట్టాలల్లనే చూస్తున్నవ్. నాకొక గట్టి గొట్టం చూసి పెట్టు. తక్కువల రావాలె, పలగొద్దు."

అవును, నేను హబ్సిగూడ దిక్కు రీసెర్చ్ క్యాంపస్‌ల మైక్రోస్కోపుల కాడ టెక్నీషియన్ని. బావ గంత మాటన్నంక ఛాతి ఇంత అయింది నాకు. "ఫికర్ జెయ్యకు బావా, అద్దాల సంగతి నాకొదిలెయ్!" అన్న.

వంటింట్లకెళ్లి మా ఇంటామె ఒక్క మాటన్నది. "అన్నా, మొన్న మిక్సీ తెమ్మంటే గ్రైండర్ తెచ్చిండు. జర చూసుకో."

ఇగ రెండు రోజులు సెలవు పెట్టి ఫోన్ల వీడియోలు చూసుడు మొదలువెట్టిన. చూసిన కొద్ది దిమాక్ ఖరాబ్! ఒకడు త్రీ టు నైన్ అంటడు, ఒకడు ఫోర్ ఇంటూ థర్టీటూ అంటడు. అది ఎక్కాలా, ఫోన్ నంబరా? పారలాక్స్ అంటడు, ఎమ్ఓఏ అంటడు. ఇంకొకడు స్కోపును సుత్తె లెక్క పట్టుకోని మొల కొడుతుండు, అదేందో! నోట్‌బుక్కుల నాలుగు పేజీలు రాసుకున్న. మల్ల చదివితే నేను రాసింది నాకే సమజ్ కాలే. ఒక్కటి మాత్రం తెలిసి నవ్వొచ్చింది. పెద్ద పెద్ద షూటర్లు వాడేది తొమ్మిది రెట్లు పెద్దగ చూపించేదంట! మా ల్యాబుల వెయ్యి రెట్లు చూస్తం మేము. వెంటనే బావకు ఫోన్ చేసి, "ఇరవై నాలుగు రెట్లకు తక్కువ ముట్టేదే లేదు" అని చెప్పిన.

శుక్రవారం ఇద్దరం తుపాకుల దుకాణానికి పోయినం. తెల్ల గడ్డం చాచా కూసోని ఉన్నడు. ఇరవై నాలుగు రెట్లది అడిగిన. తీసి చేతిల పెట్టిండు. లోపట్నుంచి రోడ్డు అవుతలికి చూసిన. ఏందో నల్లగ, గుబురుగ, కదుల్తున్నది. ఎలుగుబంటా ఏంది అనుకున్న. కొద్దిసేపటికి తెల్సింది, అది ఎదురుంగ జ్యూస్ బండాయన మీసం!

బావ కూడ చూసిండు. "బామ్మర్దీ, పంది నాకు యాభై అడుగులల్ల ఉంటది. గీ గొట్టంల దాని చెవ్వొక్కటే కనబడితే, అది పందో పక్కింటోళ్ల బర్రెనో నాకెట్ల తెలుస్తది?"

నోట్‌బుక్కు తీసి పేజీలు తిప్పిన, దాంట్ల జవాబు లేదు.

చాచా లోపలికి పోయి చిన్నది ఒకటి తెచ్చిండు. నల్లగ, సాదాగ, నాలుగు రెట్లే. "సాబ్, దీంట్ల తిప్పేది తక్కువ, కదిలేది తక్కువ. కదిలేది తక్కువైతే పలిగేది తక్కువ. పెద్ద బందూక్‌కు ఇదే సహీ. కన్ను మాత్రం నాలుగు వేళ్లు దూరం పెట్టాలె" అన్నడు. ధర కూడ బావ అనుకున్న దాంట్లనే ఉన్నది. బావ మొహం వెలిగింది.

చాచా మాట మీదనే కొంటే ఇగ నేనెందుకు వచ్చినట్టు? "టెస్ట్ చెయ్యకుంట నేను ఓకే చెప్ప!" అన్న. ఎట్ల చేస్తనో నాకు తెల్వదు. నోటికొచ్చింది, అన్న. ఖరాబైతే వాపస్ తీసుకుంటనన్నడు చాచా, బావ పైసలు కట్టి గొట్టం నాకిచ్చిండు.

సాయంత్రానికి అయిడియా వచ్చింది. గొట్టాన్ని తువ్వాలల చుట్టి, నా స్కూటర్ మీద కాళ్లు పెట్టే కాడ తాడుతోని గట్టిగ కట్టిన. నాచారం నుంచి ఉప్పల్, ఉప్పల్ రింగు రోడ్డు దాటి ఫ్లైఓవర్ పిల్లర్ల కింద రోడ్డు. అందరు గుంతలు తప్పించుకుంట పోతరు, నేను గుంతలు ఎతుక్కుంట పోయిన! ఒక మంచి గుంత మిస్సయితే యూటర్న్ కొట్టి మల్ల వచ్చి దింపిన. ఎనక ఆటోయన "అన్నా, తాగినవా?" అని ఒర్రిండు. "టెస్టింగ్!" అన్న. పాపం, ఆయన ఇంత దూరం జరిగిండు.

ఇంటికొచ్చి చూస్తే గొట్టంల ప్లస్ గుర్తు నిటారుగ నిలవడి ఉన్నది. నా నడుం మాత్రం వంగి ఉన్నది. "పాస్!" అని బావకు మెసేజ్ పెట్టిన. రాత్రి నడుముకు జండూ బామ్ రాసుకుంట పండుకున్న.

శనివారం షూటింగ్ రేంజుల బిగించి చూసినం. బావ మూడు కాల్సిండు. మూడు చాయ్ సాసరంత జాగల పడ్డయి! బావ నన్ను గట్టిగ అలుముకున్నడు. "బామ్మర్దీ, నా పరువు నిలవెట్టినవ్!" ఆడికి ఊకుంటే అయిపోవు గద. ఊకుంటనా నేను?

"బావా, నేను ఏరిన స్కోపు. నేనొక్కటి కాలుస్త."

"వద్దురా, మస్తు తంతది."

రేంజ్ సారు పక్కనే నిలవడి, ఎట్ల పట్టుకోవాల్నో, భుజానికి ఎట్ల ఆనించాల్నో మంచిగ చెప్పిండు. చప్పుడు ఇనబడకుంట చెవులకు మఫ్‌లు పెట్టిండు. "కన్ను దూరం" అని రెండుపార్లు చెప్పిండు. తలకాయ ఊపిన. అయితే మీకు తెలువంది ఏందంటే, మైక్రోస్కోపుల కన్ను దగ్గర పెడితేనే మంచిగ కనబడ్తది. ఇరవై రెండేండ్ల అలవాటు! రైఫిలుకు చెంప ఆనిచ్చిన్నో లేదో, కన్ను దానంతటదే పోయి గొట్టానికి అతుక్కున్నది. ఎనక సారు ఏదో ఒర్రుతుండట, మఫ్‌లల్ల నాకు ఇనబడలే. నొక్కిన.

ధాం!

కండ్లు తెరిస్తే ఆకాశం. కండ్లద్దాలు రెండు ముక్కలై రెండు దిక్కుల ఉన్నయి. నేను కాల్చిన్నా, నన్నే ఎవరన్న కాల్చిన్రా, అర్థమైతలేదు. బావ ఉరుక్కుంట వస్తుండు. నా కోసమే అనుకున్న.

"స్కోపు! స్కోపుకేమన్న అయిందా?"

నన్ను దాటుకోని పోయిండు! భుజం మీది తువ్వాలతోని గొట్టానికంటిన రక్తం తుడిసిండు. నా నుదుటిది కాదు, గొట్టానిది! తెల్లారితే ఊర్ల ఆఖరి చాన్సు, ఆయన గుండె గుప్పిట్ల ఉన్నది. నిలవడి ఇంకో రెండు కాల్సిండు. రెండూ మల్ల గా సాసరంత జాగలనే! చిన్న పిలగాని లెక్క ఎగిరిండు.

"కదల్లే బామ్మర్దీ! నీ తలకాయకు తగిలినా ఇంత గూడ కదల్లే!"

"నా తలకాయ సంగతేంది బావా?" అన్న. గప్పుడు చూసిండు నా దిక్కు. "అరె, రక్తమొస్తుందిరో!"

దవాఖానల డాక్టరమ్మ అడిగింది. "ఏం తగిలింది?"

"స్కోపు, మేడం."

"ఎటు నుంచి వచ్చింది?"

"ఎటు నుంచి రాలే మేడం. నేనే దాని దగ్గరికి పోయిన."

ఆమె కుట్లేసుకుంట నవ్వు ఆపుకోలేక ఒక కుట్టు వంకర ఏసింది. కావాల్నంటే చూడుండ్రి, ఇగో.

ఆదివారం బావ ఒక్కటే తూటా కాల్సిండు. పంది ఆడనే పడ్డది. సర్పంచి శాలువ కప్పిండు. అక్క ఫోన్ల సంబురంతోని ఏడ్సింది. నేను ఐసు ముక్క నుదుటికి పెట్టుకోని ఇన్న. నిజం చెప్తున్న, నాకు గూడ కండ్లల్ల నీళ్లొచ్చినయి. సగం సంబురం, సగం నొప్పి.

ఆడితోని అయిపోయిందనుకున్న. షూటర్ల వాట్సాప్ గ్రూపుల ఎవరో అడిగిన్రట, "పెద్ద రైఫిలుకు తక్కువ ధరల గట్టి స్కోపు ఏది?" అని. బావ స్కోపు ఫోటో పెట్టలే. నా నుదురు ఫోటో పెట్టిండు. కింద రాసిండు, "మా బామ్మర్ది టెస్ట్ చేసిండు. స్కోపుకు ఏం కాలే." దాని కింద నా పేరు, నంబరు గూడ పెట్టిండు. నిన్నటి సంది ఆదిలాబాద్ నుంచి ఒకరు, ఖమ్మం నుంచి ఒకరు ఫోన్లు. "అన్నా, గా నుదురు మీదేనా? ఎక్కడ కొన్నరు?" దుకాణం చాచా అయితే గా ఫోటో ప్రింట్ తీసి గల్లా పెట్టె మీద అతికిచ్చిండట!

ఇరవై రెండేండ్ల సంది ఎంతమంది సైంటిస్టులకు ఎన్ని ఫోటోలు తీసిచ్చిన్నో లెక్క లేదు, ఒక్క రీసెర్చ్ పేపర్ల గూడ నా పేరు రాలే. ఇప్పుడొచ్చింది, నుదురుతోని సహా, ఫుల్ కలర్ల. మా ఇంటామె గా ఫోటోను ఫోన్ల రెండు వేళ్లతోని పెద్దగ చేసి చేసి చూసింది. ఎన్ని రెట్లు పెద్దగ చేసినా బుద్ధి మాత్రం యాడ కనబడ్తలేదంట!