పసుపు కుప్ప మీద సుగుణక్క బొమ్మలు

తడిసిన పసుపు వాసన వస్తే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న ఆర్మూర్‌లో బస్సు దిగేసరికి అకాల వాన కురిసి వెలిసింది. రోడ్డు పక్క కల్లాల్లో రైతులు ఆదరాబాదరాగా పసుపు ఎత్తుకుంటున్నారు. ఆ వాసనకు సుగుణక్క గుర్తొచ్చింది. ఆమెను పిచ్చిదన్న ఊరూ గుర్తొచ్చింది.

సుగుణక్క మా పక్కింటావిడ, పసుపు వ్యాపారి భార్య. గోనె సంచుల కుట్లు విప్పి, చింతగింజల జిగురు పూసి ఆరబెట్టి, తలుపులకు వేసే ఆయిల్ పెయింటుతో వాటి మీద బొమ్మలు వేసేది. కాళ్ళకు బదులు మంచం కోళ్ళున్న పెళ్ళికొడుకు. హైవేను చీరలా మడిచి పెట్టెలో దాచుకుంటున్న ఆడమనిషి. నేను డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రమైతే ఆమె దగ్గరే ఉండేదాన్ని. “గిట్ల యాడనన్న ఉంటదా అక్కా?” అంటే నవ్వేది. “ఉన్నదాన్ని దించనీకి ఫొటో స్టూడియో ఉన్నది కదనే. నీ మనసుల ఏం మెసులుతదో గది గీయ్.” ఈరోజు నేను డ్రాయింగ్ టీచర్‌నంటే ఆ మాట పుణ్యమే.

ఒకసారి బొమ్మలు చుట్టగా చుట్టుకుని ఇద్దరం హైదరాబాద్ పోయాం. అక్కడ బొమ్మల గ్యాలరీ నడిపే పెద్దమనిషి వాటిని పూర్తిగా విప్పనే లేదు. “బతుకమ్మలు, బోనాలు వేసుకు రా అమ్మా. ఇలాంటివి పారిస్ వాళ్ళు ఎప్పుడో వేసేశారు” అన్నాడు. వాడి నోట్లో మన్నుపడ! ఊరి ఆడదానికి వింత ఊహలు రాకూడదా? అక్క మాత్రం నెమ్మదిగా, “పారిస్‌ల పసుపు పండుతదా సార్?” అనడిగింది. ఆయనకు అర్థం కాలేదు.

మరుసటేడు ఇంకొకచోట ఆమె బొమ్మలు ప్రదర్శనకు పెడతామన్నారు. ఆ సంబరంలో ఫ్రేములు మాట్లాడటానికి నిజామాబాద్ పోయి, వానలో తడుస్తూ తిరిగొచ్చాం. వచ్చి చూస్తే పెరట్లో పసుపు కుప్ప మీద ఆమె బొమ్మలన్నీ పరిచి ఉన్నాయి. ఎగిరిపోకుండా పైన బండరాళ్ళు. “రంగేసిన గోనె కదా, సుక్క నీళ్లు దిగలే. ఇన్నొద్దులకు నీ బొమ్మలు అక్కరకొచ్చినయ్” అన్నాడు బావ, ఆమె మొగుడు, ఎంతో మెచ్చుకుంటున్నట్టు. మంచి ఉపాయమన్నారు చుట్టుపక్కలవాళ్ళు.

అక్క రాళ్ళు దొర్లించి బొమ్మలు లాగేసింది. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. పసుపు తడిసిపోతుంటే ఆమె అత్త గుండెలు బాదుకుంది: “లచ్చిమిని తడుపుతున్నది, పిచ్చి లేసిందిరా దీనికి!” నలుగురు ఆమెను పట్టుకుని వెనక్కి ఈడ్చారు. “పసుపు మళ్ల పండుతది! గివి మళ్ల పండుతయా?” అని ఆమె అరిచిన అరుపు వాడకట్టంతా విన్నది. విని ఏం చేసింది? పిచ్చిదని పేరు పెట్టింది. ప్రదర్శన జరగలేదు. అక్క ఆ తర్వాతా బొమ్మలు వేస్తూనే ఉంది. పోయేదాకా ఒక్కటీ ఏ గోడకూ ఎక్కలేదు.

ఇప్పుడు ఆమె మీద డాక్యుమెంటరీ తీస్తామని హైదరాబాద్ నుంచి కెమెరాలతో వచ్చారు. కలల్లాంటి వింతలు గీసిన గొప్ప సర్రియలిస్టు చిత్రకారిణి అట అక్క! బావ నన్ను పిలిపించింది అందుకే. కొత్త చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుని, “నేను మీ అక్కకు ఎంత సపోర్ట్ చేసిన్నో జర చెప్పు లతా” అన్నాడు. కెమెరా ముందే బండరాళ్ళ సంగతి చెప్పాను.

ఆయన మొహం మాడిపోయింది. “గవన్ని ఇప్పుడెందుకే? పాపం, ఆమెనే పాయె.”

“ఆమె పోయింది బావా, నేనున్న కదా” అన్నాను. కెమెరా కట్టేయబోతున్న అబ్బాయిని ఆగమని, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.