మూడు హార్స్‌పవర్ గిర్నికి లైట్ల వైరు

మొన్న బుధవారం మా పెరట్లో ఒక సైన్సు టీచర్‌కు సైన్సులోనే సున్నా వచ్చింది. ఆ టీచర్ని నేనే! నవ్వండి, పర్వాలేదు. మా కోడలు సుజాత ఇంకా నవ్వుతూనే ఉంది.

ఆ రోజు మాత్రం నవ్వలేదు పాపం. బాన్సువాడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో సుజాత పిండి గిర్ని పెట్టుకుంది. ఎన్నాళ్ల ఆశో! మొదటి గిరాకీ పక్కింటి సాయవ్వ. బిడ్డ పెళ్లి సారెకు అరిసెలు చెయ్యాలని ఇరవై కిలోల బియ్యం నానబోసి, వడగట్టి, గంపల్లో తెచ్చింది. తడి బియ్యం ఆగవు కదా, ఆ పూటే పిండి పట్టాలి.

కరెంటు పనికి గంగారాం వచ్చాడు. నా శిష్యుడే. తల నెరిసింది గాని, ఇప్పటికీ నన్ను చూస్తే బండి దిగి నెట్టుకుంటూ వస్తాడు.

"మీటర్ కాడికెల్లి షెడ్డు దాకా మస్తు దూరమున్నది టీచర్. నాలుగు స్క్వేర్ వైరు..."

"ఆగు" అన్నాను. పైగది కట్టినప్పుడు మిగిలిన లైట్ల వైరు, ఒకటిన్నర స్క్వేర్ లావుది, బీరువా మీద ఉంది. కొత్తదే! ఆ కట్ట తెచ్చి అతని చేతుల్లో పెట్టాను. సుద్దముక్కతో షెడ్డు గోడ మీద లెక్క వేశాను. మూడు హార్స్‌పవర్‌ను వాట్లలోకి మార్చి, రెండు వందల ముప్పై వోల్టులతో భాగిస్తే పది ఆంపియర్లు కూడా రాలేదు.

"ఈ వైరు పది మోస్తుంది. అర్థమైందా?"

"అయింది టీచర్, కానీ..."

"మధ్యలో మాట్లాడకూడదు. చెప్పాలంటే చెయ్యెత్తాలి!"

నోరు మూసుకుని వైరు లాగాడు.

కొబ్బరికాయ కొట్టి సుజాత స్విచ్ వేసింది. గిర్ని "ఊఁ..." అంది. తిరగలేదు! బల్బు మసకబారింది. టప్! ఎంసీబీ పడిపోయింది. అదేనండీ, కరెంటు మితిమీరితే తనంతట తాను ఆగిపోయే స్విచ్. మళ్లీ వేశాం. మళ్లీ ఊఁ, మళ్లీ టప్. మూడోసారి ఏదో కమురు వాసన.

"ఏందే, గిర్ని మూలుగుతుంది? జరమొచ్చిందా?" అంది సాయవ్వ. ఒక గంప చంకకెత్తుకుని, "ఇగ బజారు గిర్నికి పోత బిడ్డా" అంది.

సుజాత కళ్లలో నీళ్లు. "అత్తమ్మా, మొదటి గిరాకే గిట్ల మర్లిపోతే ఇంకెవరొస్తరు?"

గంగారాం మెయిన్ ఆపి వైరు ముట్టుకున్నాడు. చాయ్ గ్లాసులా వేడి.

"మీ లెక్క మోటారు తిరిగేటప్పటిది టీచర్, గదీ జర తక్కువనే. లేసేటప్పుడు ఐదారింతలు గుంజుతది. పైగా గింత దూరం! సన్న కాలువల తూము కాడ పారినట్టు ఆఖరి మడికి పారుతదా? మోటారు లేవలేక గుంజుతనే ఉంటది, ఎంసీబీ పడ్తది. కరెంటంటే నీళ్ల తీరే అని ఎనిమిదో తరగతిల మీరే చెప్పిన్రు."

చెప్పాను. బొమ్మ గీసి మరీ చెప్పాను!

"మరి ముందే అనొచ్చు కదరా?"

"చెయ్యెత్తమన్నరు గద. రెండు చేతులల్ల మీరిచ్చిన కట్టనే ఉండె."

సాయవ్వ నవ్వి గంప దించింది.

"ఫికర్ చెయ్యకున్రి. నాలుగు స్క్వేర్ వైరు బండి మీదనే ఉన్నది. పొద్దుగాలనే తెచ్చిన" అన్నాడు. గంటన్నరలో పాతది పీకి కొత్తది లాగాడు.

సుజాత స్విచ్ దగ్గరికి వెళ్లబోతే ఆపాను. గంగారాం వైపు తిరిగి నిలబడి చెయ్యెత్తాను.

"ఏంది టీచర్?"

"స్విచ్ వెయ్యొచ్చా, సార్?"

అతను సిగ్గుతో తల దించుకుని "ఎయ్యున్రి" అన్నాడు. గిర్ని గిర్రున తిరిగింది, తెల్లటి పిండి జలజలా రాలింది. సంబరంగా చూస్తూ నిలబడిపోయాను.

కాసేపటికి సాయవ్వ అంది: "టీచరమ్మా, ఇగ చెయ్యి దించు."